చిన్న బడిలో చరిత్ర పాఠము – రేపటి పౌరుడు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున ఉపాధ్యాయుల, సండే స్కూలు టీచర్ల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ప్రాథమిక పాఠశాలలో చరిత్ర ఎట్లు చెప్పవలెను, దానివలన పిల్లలు ప్రజాస్వామ్యమునకు తగిన పౌరులు ఎట్లగుదురు అన్నది మాకు ఇచ్చిన అంశము. కార్యక్రమ పత్రములో ఈ మాట చూచి ఒక సంఘ పెద్ద మమ్మును అడిగినారు: "అయ్యగారూ, ఇది విద్యాశాఖ వాళ్లు మాట్లాడుకునే సంగతి గదా, గుడి పండుగలో దీనికేం పని?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పి ముందుకు పోవుట మర్యాద.

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము మీకందరికి తెలిసినదే. ఇశ్రాయేలు ప్రజలు యొర్దాను దాటినారు. నది మధ్యనుండి పన్నెండు రాళ్లు తీసికొనివచ్చి గిల్గాలులో నిలిపినారు. ఎందుకు? రేపు పిల్లలు ఆ రాళ్లను చూచి వాటి సంగతి అడుగుదురు, అప్పుడు పెద్దలు జరిగినది చెప్పవలెను అని. ఇక్కడ రెండు విషయములు గమనించండి. మొదటిది, అడిగేది పిల్లవాడు, చెప్పేది పెద్దవాడు. మన బడులలో ఇది తలక్రిందులైనది; పెద్దవాడు అడుగును, పిల్లవాడు అప్పజెప్పును. రెండవది, గోత్రమునకు ఒక రాయి. యూదా గోత్రము పెద్దదని దానికి నాలుగు రాళ్లు, బెన్యామీను చిన్నదని దానికి సగము రాయి పెట్టలేదు. అడిగే హక్కు పిల్లవానిది, ప్రతి గోత్రమునకు తన రాయి. మా ప్రసంగమంతయు ఈ రెండు మాటలలోనే ఉన్నది.

జెండా పండుగనాటి మాట

కొన్ని సంవత్సరముల క్రిందట పాల్వంచ అడవి అంచున ఒక చిన్న బడికి జనవరి 26న మమ్మును పిలిచినారు. జెండా ఎగురవేసిన తరువాత పిల్లలను అడిగినాము, ఈ రోజేమిటి అని. "జెండా పండుగ!" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఈ రోజున ఏమి జరిగినది అని మరల అడిగినాము. ఒకడు స్వాతంత్ర్యము వచ్చినదన్నాడు. ఇంకొకడు గాంధీ తాత పుట్టినాడన్నాడు. చివరి వరుసలో ఒక కోయ పిల్ల లేచి, "చాక్లెట్లు ఇస్తరు" అన్నది. అందరూ నవ్వినారు. మేమును నవ్వినాము.

తిరిగి వచ్చే దారిలో మా నవ్వు ఆరిపోయినది. ఆ పిల్ల తనకు తెలిసిన సత్యమే చెప్పినది. ఆ దినమునుండి ఆమెకు ముట్టినది చాక్లెట్టు ఒక్కటే. అంతకు మించి ముట్టవలసినది ఎంత ఉన్నదో ఆమెకు ఎవరు చెప్పినారు? నిజాము పాలనలో సభ పెట్టుకొనవలెనన్న అనుమతి కావలెను; గస్తీ నిషాన్ 53 అను ఆజ్ఞను మన తాతలు మరువలేదు. సొంతముగా బడి పెట్టుకొనుటకు కూడ సర్కారు అనుమతి అడుగవలెను. వెట్టిచాకిరి అడుగనక్కరలేదు, అది తలుపు తట్టి వచ్చేది. అటువంటి నేలమీద 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. 1952 ఎన్నికలనాటికి నిజాము ఇంకను హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖ్‌గా ఉన్నాడు. అయినను ఆ నిజాము ఓటునకు ఎంత విలువయో, ఈ పిల్ల ముత్తవ్వ ఓటునకు అంతే విలువ. ఇది చిన్న సంగతియా? ఈ ఒక్క మాట ఆ పిల్లకు తెలిసియుంటే ఆమె అంత వెనుక వరుసలో కూర్చుండి ఉండేది కాదేమో.

రాజుల పట్టిక చాలదు

మన ప్రాథమిక బడులలో 3వ తరగతినుండి 5వ తరగతివరకు చరిత్ర అని వేరుగా పుస్తకము లేదు. పరిసరాల విజ్ఞానములో భాగముగా ఉన్నది. 6వ తరగతినుండి సాంఘిక శాస్త్రము మొదలగును. అందుచేత కొందరు మిత్రులు, "చరిత్ర మాది కాదండి, హైస్కూలు వాళ్లది" అందురు. హైస్కూలు వారేమో, "ఈ పిల్లలకు క్రింది తరగతులలో ఏమియు చెప్పలేదు" అందురు. ఈ రెండు మాటల నడుమ పిల్లవాడు ఏ రాజు తరువాత ఏ రాజు అను పట్టిక నేర్చుకొని, పరీక్ష మరుసటి దినమున మరచిపోవును.

ఎనిమిది, తొమ్మిది ఏండ్ల పిల్లలకు చరిత్ర అర్థము కాదని అనుట పొరపాటు. గోలీలాటలో ఎవడు తొండి చేసినాడో, బోనాలో ఎవరికి ఎక్కువ వడ్డించినారో వారికి మనకంటె బాగుగా తెలియును. న్యాయము, అన్యాయము అను తూకము ఆ వయస్సుననే మనస్సులో నిలుచును. దానికి ఆధారము చూపి మాట్లాడుట, ఎదుటివాని మాట వినుట నేర్పితే అదే పౌరసత్వమునకు పునాది.

ప్రజాస్వామ్యమనగా ఐదేండ్లకొకసారి వేలికి సిరా పెట్టించుకొనుట మాత్రమే కాదు. మూడు అలవాట్లు కావలెను. ఒక మాట విన్నప్పుడు "నీకెట్లా తెలుసు?" అని అడుగుట మొదటిది. ఒకే సంగతిని ఇద్దరు రెండు విధముల చెప్పినప్పుడు ఇద్దరి మాటను వినుట రెండవది. అధికారములో ఉన్నవాడు ఎంతటివాడైనను జవాబు చెప్పవలసినవాడే అని ఎరుగుట మూడవది. ఈ మూడును చరిత్ర పాఠములో పుట్టే అలవాట్లే. లెక్కలు నేర్చిన పిల్లవానిని అంగడిలో మోసగించుట కష్టము. చరిత్ర నేర్చిన పిల్లవానిని ఎన్నికలలో మోసగించుట కష్టము.

ఇతర దేశముల అనుభవము కూడ ఇదే. హిట్లరు కాలములో జర్మనీ బడులలో చరిత్ర లేకపోలేదు, దండిగా ఉన్నది. ఒక జాతి గొప్పదని, మిగిలినవారు తక్కువవారని, నాయకుని మాటకు ఎదురు లేదని పిల్లలకు నేర్పినారు. ఆ పాఠము ఎక్కడికి పోయినదో లోకమంతయు చూచినది. డెన్మార్కు దేశములో గ్రుండ్‌విగ్ అను లూథరను గురువు వేరు దారి చూపినారు. రైతు బిడ్డలకు పరీక్షల బెదరింపు లేకుండ, వారి భాషలో, వారి దేశ చరిత్రను కథగా చెప్పి చర్చింపజేసే జానపద పాఠశాలలు ఉండవలెనన్నారు. మొదటిది 1844లో తెరచినారు. ఐదేండ్లకు, 1849లో, ఆ దేశమునకు రాజ్యాంగము వచ్చినది. దానిని నిలుపుకొనుటకు ఆ బడులలో చదివిన రైతులు ఎంతో తోడ్పడినారు. మన దేశములోను మధ్యప్రదేశ్‌లో 1982లో స్థాపించబడిన ఏకలవ్య సంస్థవారు పిల్లలు తమ ఊరినుండి మొదలుపెట్టి సాంఘిక శాస్త్రము నేర్చుకొను పద్ధతిని సర్కారు బడులలోనే చేసి చూపినారు. కనుక మేము చెప్పునది గాలిలో మేడ కాదు.

మన నేలే మన పుస్తకము

అయితే పుస్తకములు ఎక్కడివి అని అడుగుదురు. భద్రాచలము నది ఒడ్డున నిలువబడి చూడండి. అదే పుస్తకము.

ఆ గోదావరి ఒకప్పుడు రెండు రాజ్యములకు సరిహద్దు. ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలము తాలూకా 1860వరకు నిజాముది. ఆ సంవత్సరపు ఒడంబడికతో ఇంగ్లీషువారిదై మధ్య పరగణాలలో చేరినది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది. కుడి ఒడ్డున బూర్గంపాడు, పాల్వంచ నిజాము క్రిందనే ఉండినవి. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1959లో భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలను తూర్పు గోదావరినుండి తెచ్చి ఖమ్మములో కలిపినారు. 2014లో పోలవరము ముంపు పేరున చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగునవి ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచినది, దాని పొరుగు పల్లెలు అటుపోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వచ్చినది.

ఒక కుటుంబమును తలచుకొనండి. ముత్తాత, తాత, తండ్రి, మనుమడు ఒకే ఇంటిలో, ఒకే చింతచెట్టు క్రింద పుట్టినారు. నలుగురి కాగితములమీద నాలుగు చిరునామాలు. ఇల్లు కదలలేదు, గీత కదిలినది. ఈ పాఠము చెప్పిన తరువాత టీచరు ఒక ప్రశ్న అడుగవలెను: "ఈ గీత మారినప్పుడెల్లా ఇక్కడివారిని ఎవరైనా అడిగినారా?" పిల్లలు ఇంటికి పోయి తాతలను అడిగి వత్తురు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని కల్లోలమునకు భయపడి అడవి దాటి వచ్చిన గుత్తికోయ కుటుంబముల పిల్లలు మన బడులలో ఉన్నారు. తోటిపిల్లలు వారిని "బయటోళ్లు" అని పిలుచుట మేము విన్నాము. సరిహద్దు ఇన్నిసార్లు కదిలిన నేలమీద ఎవడు లోపలివాడు, ఎవడు బయటివాడు? ఈ చరిత్ర తెలిసిన పిల్లవాడు ఆ మాట అనుటకు ముందు ఒకసారి ఆగును.

రెండవ పాఠము వరదది. 1986 ఆగస్టులో భద్రాచలము దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. "మీ అవ్వను అడిగి రండి, 86 వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చినవి?" అంటే ఒక అవ్వ గడపదాకా అనును, ఒక అవ్వ చూరుదాకా అనును. ఎవరి మాట నిజము? పాత గోడమీద గుర్తు ఉన్నదేమో చూడండి. ఆ ఇల్లు ఎత్తున ఉన్నదా, పల్లమున ఉన్నదా? ఇద్దరు అవ్వలు చెప్పినదియు నిజమే కావచ్చునని, వారి ఇండ్లు వేరువేరు చోటులలో ఉన్నవని పిల్లలే కనుగొందురు. ఆధారము వెదకుట, భిన్నాభిప్రాయమును సహించుట ఒక్క దినములో వచ్చినవి. ఖర్చు ఏమియు లేదు.

మూడవది రామదాసు కథ. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారైనాడని, వసూలైన పన్నుతో గుడి కట్టించినాడని, తానీషా అతనిని గోల్కొండలో చెరబెట్టినాడని మన ప్రాంతములో పసిపిల్లలకు కూడ తెలియును. ఇది మన పొరుగువారి భక్తికి సంబంధించినది, మనము మర్యాదతో చెప్పవలెను. అయినను టీచరు అడుగవచ్చును: ఆ పన్ను ఎవరు కట్టినారు? ప్రజల సొమ్ము ఖర్చు చేయుటకు ఆనాడు ఎవరి అనుమతి కావలెను? ఈనాడు ఎవరిది కావలెను? సుల్తానునుండి శాసనసభకు, గ్రామసభకు అధికారము ఎట్లు వచ్చినదో పిల్లవానికి అర్థమగును. అదే కథలో మరియొక పాఠము కూడ ఉన్నది. సీతారాముల కళ్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారము గోల్కొండ సుల్తానునాటినుండి వచ్చినదని చెప్పుదురు. రాజ్యములు మారినను ఆచారము నిలిచినది. పొరుగువాని విశ్వాసమును గౌరవించుట కొత్తగా దిగుమతి చేసికొన్నది కాదు, ఈ నేలలో ఉన్నదే.

నాలుగవది అడవి కథ. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. పోడుమీద, కలపమీద, మేతమీద కట్టడులు వచ్చినవి. చట్టము చేసినవారు అడవిలోని వారిని ఒక్క మాట అడుగలేదు. పోడు నిషేధము, రోడ్డు పనిలో బలవంతపు కూలి, వీటి మంటనుండి అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922 ఆగస్టులో మన్యపు తిరుగుబాటు లేచినది. 1924 మేలో ఆయనను కాల్చిచంపినారు. పిల్లలు విల్లంబుల బొమ్మ చూచి సంతోషింతురు. అంతటితో ఆపరాదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టము చేసినది. హక్కు ఎవరికున్నదో విచారించే పని మొదట గ్రామసభకు అప్పగించినది. 1882 చట్టము, 2006 చట్టము పక్కపక్కన పెట్టి, "వీటిలో తేడా ఏమిటి?" అని అడుగండి. అడుగకుండ చేసిన చట్టమునకు, అడిగి చేయవలసిన చట్టమునకు తేడా తెలిసిన పిల్ల రేపు గ్రామసభలో తన చేయి ఎత్తును. పట్టాల కొరకు ఇంకను తిరుగుచున్న కుటుంబములు మన సంఘములలోనే ఉన్నవి గనుక ఈ పాఠము పుస్తకముతో ముగియదు.

ఐదవది కష్టమైనది, 1948 సంగతి. సెప్టెంబరు 17ను ఒకరు విమోచన దినమందురు, ఒకరు విలీన దినమందురు. 2022లో రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమన్నది, 2024లో ప్రజాపాలన దినోత్సవమన్నది. టీచరు భయపడి ఆ పాఠమే దాటవేయును. దాటవేయవద్దు. మన పొరుగు మానుకోట తాలూకాలో పుట్టిన షోయబుల్లా ఖాన్ కథ చెప్పండి. ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో చేరవలెనని, రజాకార్ల దౌర్జన్యము తప్పని వ్రాసినందుకు 1948 ఆగస్టులో చంపబడినాడు. ఆయన ముస్లిము. మతమును బట్టి మంచివాడు, చెడ్డవాడు అను గీత గీయరాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము కావలెనా? పోలీసు చర్య తరువాత కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములు కూడ ఘోరముగా నష్టపడినారని పండిత సుందర్‌లాల్ కమిటీ కేంద్ర ప్రభుత్వమునకు నివేదించినది. అదియు చరిత్రయే. పదేండ్ల పిల్లలకు రక్తపాతము వర్ణింపనక్కరలేదు. రెండు ప్రక్కల కన్నీరు ఉన్నదని మాత్రము చెప్పవలెను.

బీరువాలో ఉన్న ఆధారములు

ఇప్పుడు మన సంగతికి వత్తాము. ఊరి పాత రెవెన్యూ కాగితములు తీసిచూడండి. భూమి ఉన్నవాని పేరుండును. భూమి లేనివాడు, జీతమున్నవాడు, వెట్టి చేసినవాడు అందులో కనిపించడు. మన పూర్వికులలో అనేకులు అటువంటివారే. మరి వారి పేర్లు ఎక్కడ ఉన్నవి? మన గుడి బీరువాలో, బాప్తిస్మపు రిజిష్టరులో ఉన్నవి. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, తేదీ. దొరతనము లెక్కలోనికి తీసికొనని మనిషిని సంఘము పేరుపెట్టి వ్రాసికొన్నది. ఇది ఎంతటి చరిత్ర ఆధారమో మనము ఎరుగము గనుక చెదలకు వదలివేసినాము. సండే స్కూలు పిల్లలను కూర్చుండబెట్టి, "ఇదిగో మీ ముత్తాత పేరు" అని ఒకసారి చూపండి. తమ పేరు కూడ చరిత్రలో ఉన్నదని తెలిసిన పిల్లవాని మెడ నిటారుగా నిలుచును.

నూరేండ్లు నిండిన మన అధ్యక్ష మండలము కథలోను ప్రజాస్వామ్య పాఠములున్నవి. 1860 తరువాత దుమ్ముగూడెములో సేవ ఆరంభమైనప్పుడు దానికి తోడ్పడినవారు గోదావరి పడవ దారి పనులు చూచిన ఇంజనీరు హేగ్ గారు. అక్కడ చాలకాలము పనిచేసిన జాన్ కెయిన్ గారు కోయ భాష నేర్చుకొని, ఆ ప్రజల గురించి వ్రాసినారు. ఎదుటివాని భాషలో వినుట గౌరవమునకు మొదటి మెట్టు. నేటికిని కోయ పిల్లను తెలుగులో అడిగి, జవాబు రాకపోతే మొద్దు అనే టీచర్లు ఉన్నారు. ఇంటిమాటలో అడిగి చూడండి.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం సామ్యూల్ అజరయ్య గారు అధ్యక్షులుగా అభిషేకింపబడినారు, ఆంగ్లికను సంఘములో మొట్టమొదటి భారతీయ అధ్యక్షులుగా. తమిళ దేశమునుండి వచ్చి తెలుగు నేర్చినారు. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనెరీల ముఖముమీదనే, మాకు దొరలు వద్దు, స్నేహితులు కావలెను అను భావము చెప్పగలిగినారు. 1930 తరువాత క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని వాదించినవారిలో ఆయన ఒకరు. క్రైస్తవుడు తన గుంపులోనే ఓటు వేసికొని కూర్చుండరాదు, దేశప్రజలందరితో కలిసి నడువవలెనని ఆయన అభిప్రాయము. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షులైన హరేంద్ర కుమార్ ముఖర్జీ గారు కూడ క్రైస్తవులే. 1949లో మతమునుబట్టి చట్టసభలలో స్థానములు కేటాయించు పద్ధతిని ఆ సభ విడిచిపెట్టినప్పుడు ఆయన దానికి తోడ్పడినారు. ఈ పేర్లు మన పిల్లలలో ఎందరికి తెలియును?

గొప్పలు మాత్రమే చెప్పుకొంటే అది చరిత్ర కాదు. బైబిలు మనకు ఈ విషయములో గురువు. దావీదు మహారాజు చేసిన పాపమును దాచలేదు, నాతాను ప్రవక్త వేలు చూపిన సంగతి వ్రాసిపెట్టినది. నాబోతు ద్రాక్షతోటను కాజేసిన ఆహాబును విడువలేదు. పేద రైతు భూమి రాజు తీసికొంటే దేవుడు లెక్క అడుగునని అందులో ఉన్నది. ఆ నిజాయితీ మనకును కావలెను. అజరయ్య గారు అన్ని కులములవారిని ఒక్క బల్లయొద్దకు పిలిచినారు. నూరేండ్ల తరువాత కూడ ఫలానా వారి గుడి, ఫలానా వారి గుడి అని మన పల్లెలలో అనుచునే ఉన్నాము. పెండ్లి సంబంధములలో, సమాధుల దొడ్డిలో ఆ గీత ఉన్నది. పిల్లలు దీనిని చూడరని అనుకొంటున్నారా?

మా తప్పు ఒకటి

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పు ఒప్పుకొనవలెను. మేము ఇంతకుముందు పనిచేసిన ఒక సంఘములో పాస్టరేట్ కమిటీ ఎన్నిక వచ్చినది. ఎన్నిక పెడితే తగవు వచ్చునని, ఏకగ్రీవము మంచిదని మేమే అన్నాము. ఒక పెద్దాయన ఇంటి వసారాలో నలుగురు కూర్చుండి పేర్లు వ్రాసినారు. మేమును అక్కడ టీ త్రాగినాము. ఆదివారము ఆరాధన తరువాత ఆ పేర్లు చదివినాము. "ఒప్పుకుంటిరా?" అంటే ఎవరును మాట్లాడలేదు. మౌనము అంగీకారమని వ్రాసికొన్నాము.

ఆ సాయంత్రము ఒక యువతి మా ఇంటికి వచ్చినది. ప్రాథమిక బడిలో టీచరు. ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లే చెప్పుదుము.

"అయ్యగారూ, మా బడిలో పిల్లలకు లీడరు ఎన్నిక పెట్టిన. చీటీలు రాసి డబ్బాల వేసిన్రు. ఓడిపోయిన పిల్లగాడు ఏడ్చిండు. మర్నాడు గెలిచిన పిల్లతోటే కలిసి మొక్కలకు నీళ్లు పోసిండు. మన గుడిల ఎన్నిక పెడితే కొట్లాడుతరని మీరే అంటిరి. పదేండ్ల పిల్లలకున్నపాటి ధైర్యం మనకు లేదా అయ్యగారూ? రేపు ఆ పిల్లలు సండే స్కూలుకు వస్తే నేనేం చెప్పాలె?"

మాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తెరచినాము. అనేకసార్లు ప్రసంగించిన భాగమే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయము జరుగుచున్నదని సణుగు పుట్టినది. అపొస్తలులు ఆ సణుగును అణచలేదు, నలుగురు కూర్చుండి పేర్లు వ్రాయలేదు. శిష్యుల సమూహమంతటిని పిలిచి, మీరే ఏడుగురిని ఏర్పరచుకొనండి అన్నారు. ఏర్పడిన ఏడుగురి పేర్లు చూడండి, అన్నియు గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయము జరిగినదో వారి వైపునుండియే మనుష్యులను సభ ఎన్నుకొన్నట్లు తోచుచున్నది. మేము సెమినరీలో చదివినాము, పరీక్షలో వ్రాసినాము. మా వసారాలో మాత్రము మరచినాము.

తరువాతి తడవ చీటీలతో ఎన్నిక పెట్టినాము. అంతయు సుఖముగా జరిగినదని చెప్పుట అబద్ధము. మాటామాటా పెరిగినది. ఒక కుటుంబము మూడు నెలలు గుడికి రాలేదు. మేము పలుమార్లు వారి ఇంటికి పోయినాము. ఇద్దరు స్త్రీలును, సొంత భూమి లేని ఒక కూలి సహోదరుడును ఆ కమిటీకి వచ్చినారు. ఆ సహోదరుడు లెక్కల పుస్తకము చదివి వినిపించమని మొదటి మీటింగులోనే అడిగినాడు. కొందరికి కోపము వచ్చినది. లెక్కలు మాత్రము చదివినాము.

ఏమి చేయగలము

కాబట్టి సంఘములకు, ఉపాధ్యాయులకు మా మనవులు కొన్ని. మొదటిది, సంవత్సరమునకు ఒక్కసారి ప్రతి బడిలో, ప్రతి సండే స్కూలులో ఊరి చరిత్ర దినము పెట్టండి. ప్రతి పిల్లవాడు ఇంటినుండి ఒక వస్తువు, ఒక సంగతి తేవలెను. తిరుగలి రాయి కావచ్చు, పాత రేషను కార్డు కావచ్చు, సింగరేణి గనిలో తాత వాడిన దీపము కావచ్చు. ఏ ఇంటి రాయి లేకుండ కుప్ప పూర్తి కారాదు.

రెండవది, బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిష్టర్లను చెదలనుండి కాపాడండి. ఫొటోలు తీయించి ఒక ప్రతి వేరేచోట ఉంచండి. మూడవది, 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండవలెను, సగము మంది స్త్రీలు ఉండవలెను. మన సంఘస్థులు ఆ సమావేశములకు పోవలెను. సంతకము పెట్టి వచ్చుట కాదు, కూర్చుండి అడుగవలెను. తల్లి అడుగుట చూచిన పిల్ల తానును అడుగును.

నాలుగవది, టీచర్లకు. ప్రశ్న అడిగిన పిల్లవానిని "నోరు ముయ్" అనకండి. జవాబు తెలియకపోతే, "నాకు తెలియదు, రేపు చూచి చెప్తా" అనండి. తెలియదని ఒప్పుకొనే గురువును చూచిన పిల్లవాడు ఎన్నటికిని గుడ్డిగా నమ్మే శిష్యుడు కాడు. ఐదవది మన అందరికి. ఎన్నికల ముందు రాత్రి నోటు పుచ్చుకొని, మర్నాడు పిల్లవానిని బడికి పంపి పౌరసత్వము నేర్చుకొని రమ్మనుట దేవుని ఎదుట వేషధారణ. ఆ నోటు మనము మడిచి దాచుకొనేటప్పుడు పిల్లవాడు మేలుకొనియే ఉండును.

అంబేద్కరు గారు 1949 నవంబరులో రాజ్యాంగ సభలో హెచ్చరించినారు. రాజకీయములో సమానత్వము వచ్చుచున్నది, సాంఘిక జీవితములో, ఆర్థిక జీవితములో అసమానత్వము అట్లే ఉండబోవుచున్నది, ఈ వైరుధ్యమును త్వరగా తొలగింపకపోతే కట్టిన ఇల్లు నిలువదని ఆయన భావము. ఆ పని ఢిల్లీలో ఒక్కచోట జరిగేది కాదు. రేకుల కప్పు క్రింద, ఒకే టీచరుతో నడిచే బడిలో కూడ జరుగవలెను.

చివరిగా ఒక్క మాట. చాక్లెట్లు ఇస్తరన్న ఆ పిల్లను మరుసటి సంవత్సరము మరల చూచినాము. ఈ మధ్యలో ఎన్నికలు వచ్చినవి. అక్కడి టీచరు పిల్లలకు ఒక పని పెట్టినాడు: ఇంటిలో పెద్దవారిని ఓటు గురించి అడిగి రమ్మన్నాడు. ఆ పిల్ల ఈసారి ముందు వరుసలో కూర్చున్నది. "మా అవ్వ వేలికి సిరా చూపెట్టింది. ఎవరికి ఏసినవ్ అంటే చెప్పలేదు" అన్నది. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగినాము. ఆ పిల్ల గొంతు తగ్గించి, గొప్ప రహస్యము చెప్పినట్లు అన్నది: "అది మా అవ్వ ఇష్టమంట. సర్పంచి అడిగినా చెప్పక్కర్లేదంట."

ఆ దినమున మేము నవ్వలేదు. ఆ బడి కుప్పలో ఆమె రాయి వచ్చి చేరినది. ప్రతి బడిలో, ప్రతి సంఘములో అటువంటి రాళ్లు నిలుపుటకు ప్రభువు మనకు బుద్ధిని, ధైర్యమును దయచేయును గాక.  ఆమెన్.